పూజలో పెట్టిన సిలిండర్ కీ

పెంటయ్యను వజ్రపుకొత్తూరు మండలంలో పేరు పెట్టి పిలిచేవాళ్ళు తక్కువ. వరస కలిసినా కలవకపోయినా అందరికీ అతను అంబులెన్సు బావే. ముసలమ్మలు కూడా ఆ పేరుతోనే పిలిస్తే, "నీ మనవరాల్ని నాకిచ్చి సేసినావేటే అవ్వా, బావా అంటున్నావు?" అని నవ్వించేవాడు.

చిన్నప్పుడు కొబ్బరి లారీకి క్లీనరుగా చేరాడు. మీసాలొచ్చేసరికి స్టీరింగు దొరికింది. చాలాకాలం పలాసలో ఒక జీడి ఫ్యాక్టరీ వ్యాను నడిపాడు. ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఇంటింటికీ దూరి కూర్చున్న రోజులవి. వయసు మగాళ్ళు తోటలో పని చేస్తూ చేస్తూ కాళ్ళు వాచి కూలబడేవారు. రక్తం శుద్ధి చేయించుకోవాలంటే విశాఖపట్నం పోవాలి. రాత్రికి రాత్రి ఊపిరి అందకపోతే ముందు పలాస ఆసుపత్రికైనా చేరాలి. చేర్చడానికి ఆటో తప్ప దిక్కు లేదు. అప్పుడు టెక్కలిలో ఆఫీసున్న ఒక సేవాసంస్థ తీరం ఊళ్ళకని ఒక అంబులెన్సు పెట్టింది. జీతం ఫ్యాక్టరీ కంటే తక్కువని తెలిసి కూడా పెంటయ్య దాని డ్రైవరుగా చేరాడు.

కారణం ఇంట్లోనే ఉంది. భార్య సుభద్రకు ఒక్కడే తమ్ముడు, ఢిల్లీబాబు. కొబ్బరిచెట్లెక్కి గెలలు దించే పని అతనిది. ఎంత పొడుగు చెట్టయినా కబుర్లు చెబుతూ ఎక్కేసేవాడు. అతనికీ ఆ జబ్బే పట్టుకుంది. చెట్టు మీదుండాల్సినవాడు చెట్టు కింద మంచం మీద పడ్డాడు. పెంటయ్య ఈ ఉద్యోగంలో చేరిన రోజున సుభద్ర గుండె మీద చెయ్యేసుకుని, "నీ చేతిలో బండి ఉన్నన్నాళ్ళూ మా తమ్ముడికి బయం నేదు మావా" అంది. పెంటయ్య పెద్ద గొప్పగా తలూపాడు. ఆ తల ఊపడం తర్వాత అతని మెడకే చుట్టుకుంది.

బండితోపాటు ఆఫీసు ఒక సెల్‌ఫోను ఇచ్చింది. మాట్లాడుకోవడానికే కాదు, బండిని తనిఖీ చేయడానికి. పొద్దున్న డ్యూటీ ఎక్కగానే ఫోను తెరిస్తే ఒక్కో వస్తువు పేరూ వరసగా వస్తుంది. టైర్లు, బ్రేకులు, సైరను, స్ట్రెచరు, సెలైను, ఆక్సిజన్ సిలిండరు, సిలిండరు తెరిచే కీ, స్పేర్ కీ, ఇంకా బోలెడు. ఉంటే ఒకటి నొక్కాలి, లేకపోతే రెండు. అన్నీ అయ్యాక పంపిస్తే టెక్కలి ఆఫీసు కంప్యూటర్లో పడుతుంది. అన్నీ ఒకట్లే అయితే 'ఆల్ ఓకే, థాంక్యూ' అని జవాబొస్తుంది. ఆ జవాబు వస్తేనే బండి కదలాలి. కొబ్బరితోటల్లో సిగ్నలు దొరకదు కనక రోజూ తుపాను షెల్టరు మేడమీదికెక్కి పంపేవాడు.

మంచి పద్ధతే. కాగితం మీదైతే వారం లెక్క ఒక్కపూట రాసి పడేస్తారు, ఫోనులో అలా కుదరదని ఆఫీసువాళ్ళ నమ్మకం. కానీ పొట్ట నిండినవాడు రాసిన రూలు ఒకటి అందులో ఉంది. ఒక్క రెండు పడితే చాలు, బండి రోడ్డెక్కకూడదు. టెక్కలి షెడ్డుకు తోలుకెళ్ళి, సూపర్‌వైజరు చూసి, సరుకు వచ్చి, సంతకాలయ్యాకే తిరిగి రావాలి. బదులు బండి ఉందా అంటే లేదు. తీరం మొత్తానికీ ఉన్నది ఇదొక్కటే.

బండిలో నర్సు పని చేసేది లావణ్య. పూండి అమ్మాయి, చదువుకున్నది, నిక్కచ్చి మనిషి. కొత్తలో ఒకసారి టార్చిలైటు వెలగడం లేదని నిజాయితీగా రెండు నొక్కింది. బండి టెక్కలి షెడ్డుకు పోయి, బ్యాటరీల కోసం అక్కడే దుమ్ము పట్టింది. ఆ రోజుల్లోనే సీతారత్నం అనే ఆవిడ ఆటోలో పలాస పోతూ, పూండి రైల్వే గేటు పడి ఉండగా ప్రాణం వదిలింది. ఆవిడ మొగుడు రామూర్తి తిట్టడానికి రాలేదు, దండం పెట్టడానికి వచ్చాడు. "పట్టపగలు నా ఆడదానికి టార్చిలైటు ఏటికమ్మా? ఆ ఒకటేదో నొక్కేత్తే పోను కదా" అన్నాడు. లావణ్య ఆ పూటంతా అన్నం ముట్టలేదు.

ఆనాటినుంచీ ఫోను పెంటయ్య చేతికి వచ్చింది. అతను రెండు అనే అంకెను మరిచిపోయాడు. స్పేర్ కీ టెక్కలినుంచి ఏనాడూ రాలేదు. అడిగితే వస్తుంది, వస్తుంది అన్నారు. పెంటయ్య రోజూ దానికీ ఒకటే నొక్కేవాడు. చూడకుండా, పక్కవాడితో మాట్లాడుతూ, బీడీ ముట్టించుకుంటూ నొక్కేవాడు. అబద్ధమాడుతున్నానని అనుకోలేదు, బండిని కాపాడుతున్నాననుకున్నాడు. అతని స్థానంలో ఎవరున్నా అదే చేసేవారని నేను ఒట్టేసి చెప్పగలను.

అలా ఉండగా దసరా వచ్చింది.

దసరాకి ఆ ఊళ్ళలో అన్నం పెట్టే ఇనుముకి పూజ చేస్తారు. కొడవలి, పార, జీడిపిక్కలు కొట్టే కత్తి, సైకిలు పంపు, ఏదైతే అది కడిగి అమ్మవారి పటం ముందు పెట్టి, పసుపు రాసి బొట్టు పెడతారు. మర్నాడు హారతి ఇచ్చేదాకా వాటిని ముట్టుకోరు. సంవత్సరమంతా మన కోసం అరిగిన ఇనుముకి ఆ ఒక్కరోజు విశ్రాంతి. ఢిల్లీబాబు ఏటేటా తన గెలల కత్తిని అక్క ఇంటికే పంపేవాడు. ఆమె చేత్తో బొట్టు పడితే చెట్టు మీద కాలు జారదని అతని నమ్మకం. చెట్టెక్కడం మానేసిన ఆ ఏడు కూడా కత్తి వచ్చింది. సుభద్ర దాన్ని చింతపండుతో తోమి తళతళలాడించింది.

ఆఫీసునుంచి మాత్రం ముందే కబురొచ్చింది. సూపర్‌వైజరు గౌతమ్ ఫోను చేసి, "బండికి పసుపులు, కుంకాలు, నూనెలు పూశారంటే ఊరుకోను. ఆక్సిజన్ దగ్గర నూనె తగిలితే నిప్పంటుకుంటుంది" అన్నాడు. ఆ మాటలో న్యాయముంది. పెంటయ్యకూ తెలుసు. కానీ ఇంటికొచ్చి చెప్తే సుభద్ర ఒప్పుకోలేదు.

"పనిసేసే ఇనుముకి బొట్టెట్టకపోతే అది మనల్ని ఒగ్గేత్తాది మావా. బండికొద్దంటే మానె, బండిలోది సిన్న ముక్కేదైనా తే. నీ పేరు మీద ఎడతాను."

"బండి తాళం తెత్తే బండెలా కదుల్తాదే?"

"తాళమొద్దు. మరేదైనా తే."

పెంటయ్య బండంతా కలియజూశాడు. జాకీ రాడ్డు గ్రీజు కొట్టుకుని ఉంది. స్పానర్లు తుప్పు. సిలిండరు పక్క కొక్కేనికి వేలాడుతున్న కీ ఒక్కటే శుభ్రంగా, చూడముచ్చటగా కనిపించింది. బెత్తెడు ఇనుప ముక్క, చివర చదరపు కన్నం. ఆక్సిజన్ పెట్టాల్సినంత కేసు తగిలి చాలా రోజులైంది. ఒక్కరోజే కదా, పండగ మర్నాడు పొద్దున్నే తెచ్చేస్తాననుకున్నాడు. లావణ్యకు చెప్తే వద్దంటుందని చెప్పలేదు. తెచ్చి భార్య చేతిలో పెట్టాడు. ఆమె ఆ కీని తమ్ముడి కత్తి పక్కనే పెట్టి, రెండింటికీ ఒక్క వేలితోనే కుంకుమ అద్దింది.

పండగ పొద్దున్న షెల్టరు మేడెక్కి ఫోను తెరిచాడు. సిలిండరు కీ? బొటనవేలు ఒక్క క్షణం ఆగింది. కీ ఉందా అని అడిగిందే కానీ ఎక్కడుందని అడగలేదు. ఉంది, ఇంట్లో అమ్మవారి దగ్గర క్షేమంగా ఉంది. ఒకటి నొక్కాడు. స్పేర్ కీకి అలవాటు ప్రకారం ఇంకో ఒకటి. ఆల్ ఓకే, థాంక్యూ.

మధ్యాహ్నం భోజనాల వేళ అత్తగారి ఊరినుంచి ఫోను వచ్చింది. పెంటయ్య అత్త దాలమ్మ ఏడుస్తోంది. "ఓలయ్యో, అల్లుడా, గుంటడికి ఊపిరందట్నేదు, బేగి రా."

బండి ఇసుక దారిలో ఎగిరెగిరి పడుతూ పోయింది. ఢిల్లీబాబు మంచం మీద కూర్చుని, రెండు చేతులూ మోకాళ్ళకు ఆనించి, చెరువు ఎండినప్పటి చేపలా నోరు తెరిచి గాలి కోసం వెతుక్కుంటున్నాడు. మొహం ఉబ్బిపోయింది. పెంటయ్యను చూడగానే అతని కళ్ళలో భయం సగం తగ్గింది. అది చూసి పెంటయ్యకు ధైర్యమొచ్చింది. బావ వచ్చాడు, బండి వచ్చింది, ఇంకేం కావాలి?

స్ట్రెచరు మీదికి ఎత్తుతుంటే ఢిల్లీబాబు మాట కూడబలుక్కున్నాడు. "బావా... నా కత్తికి... అక్క బొట్టెట్టిందా?"

"ఎట్టింది రా. తళతళలాడతంది నీ కత్తి. నువ్వు మాటాడకు."

కత్తి పెంటయ్య కళ్ళ ముందు మెదిలింది. దాని పక్కనున్నది మెదల్లేదు. మనిషి బుర్ర అంత పాడుది.

దాలమ్మ కొడుకు వీపుకి ఆసరాగా కూర్చుంది. లావణ్య తలుపు వేసింది. బండి పూండి దారి పట్టింది. కాస్త దూరం పోయాక వెనకనుంచి లావణ్య గొంతు వినిపించింది.

"అన్నయ్యా, సిలిండరు కీ కొక్కేనికి లేదేటి?"

పెంటయ్య కాలు దానంతట అదే బ్రేకు మీద పడింది. అప్పుడు మెదిలింది. కత్తి పక్కన, కుంకుమ బొట్టుతో, బెత్తెడు ఇనుము.

"అన్నయ్యా! కీ ఏదీ?"

"ఇంటికాడుంది పాపా. పూజలో ఎట్టీసినాం."

లావణ్య తిట్టలేదు. తిట్టడానికి సమయం లేదు. "స్పేర్ కీ ఎక్కడెట్టారు?" అని అడిగింది. ఆ పిల్లకి కూడా ఎక్కడో ఒక ఆశ. రోజూ ఒకటి కొడుతున్నాడు కదా, ఎప్పుడో వచ్చే ఉంటుందని.

"స్పేర్ కీ ఫోన్లోనే ఉంది" అన్నాడు పెంటయ్య. ఆ మాట అతని నోట్లోంచి వచ్చిందంటే అతనికే నమ్మకం కలగలేదు.

వెనక్కి తిప్పితే ఇల్లు. ముందుకు పోతే పూండి. రెండూ ఇంచుమించు ఒకే దూరం. ఇంటికి పోతే కీ దొరుకుతుంది కానీ ఆసుపత్రి దూరమైపోతుంది. పూండిలో వెల్డింగు షాపు త్రినాథరావు ఉన్నాడు, వాడి దగ్గర లేని పనిముట్టు లేదు, పలాస దారి కూడా కలిసొస్తుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. పెంటయ్య ముందుకే పోనిచ్చాడు. వెనక లావణ్య టూల్‌బాక్సులోని పటకారుతో సిలిండరు తల తిప్పబోతోంది. జారిపోతోంది. ఇనుము మీద ఇనుము జారే ఆ చప్పుడు, మధ్యమధ్య ఢిల్లీబాబు ఊపిరి లాగే చప్పుడు. ఆ రెండూ వింటూ పెంటయ్య దండం పెట్టని దేవుడు లేడు.

పూండిలో షాపులన్నీ మూసి ఉన్నాయి. ఏ షట్టరు చూసినా మామిడాకు తోరణం, గుమ్మడికాయ ముక్కలు. దసరాకి పనిముట్లు పూజలో ఉంటాయని ప్రపంచంలో ఎవరికి తెలియకపోయినా పెంటయ్యకు తెలియాలి. ఆ పూట ఊరు ఊరంతా, తనలాగే, తన ఇనుమును దేవుడికి అప్పగించి చేతులు కడుక్కుంది.

త్రినాథరావు ఇల్లు షాపు వెనకే. అన్నం ముందు కూర్చున్నవాడు అలాగే లేచి వచ్చాడు. స్పానర్లన్నీ దీపం ముందు ఎర్రగుడ్డ మీద పేర్చి ఉన్నాయి. అతని భార్య గుమ్మంలో అడ్డం నిలబడి, "దీపం కొండెక్కకుండా ఇనుము తీత్తావేటి?" అంది. "పేనం పోతంది తప్పుకోవే" అని ఆమెను పక్కకు నెట్టి, ఎంగిలి చేత్తోనే స్పానర్లన్నీ గుడ్డతో సహా వారుకొచ్చాడు. అతన్ని ఎవరూ ఏమీ అనడానికి లేదు. దేవుడి ముందు పెట్టినవని కూడా చూడలేదు.

కానీ ఒక్కటీ సిలిండరు తల మీది చదరానికి పట్టలేదు. పెద్దవి తిరిగిపోయాయి, చిన్నవి ఎక్కలేదు. పైగా పటకారు రాపిడికి అంచులు అరిగిపోయాయి. స్పానర్ల మీద పూజ నూనె, పసుపు. లావణ్య స్పిరిటు పోసి తుడుస్తోంది, త్రినాథరావు ఒక పాత స్పానరును సుత్తితో కొట్టి ఇరుకు చేస్తున్నాడు, పెంటయ్య ఢిల్లీబాబు చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. దాలమ్మ కొంగుతో విసురుతోంది. నిండు సిలిండరు ముందుంది. గాలి అంతా అందులో ఉంది. ఒక చుట్టు తిప్పితే చాలు.

"అమ్మా, ఓర్సుకో నాయినా, వచ్చేత్తంది" అంటోంది దాలమ్మ. ఏది వచ్చేస్తోందో ఆమెకు తెలియదు. ఆసుపత్రి అనుకుంది.

ఢిల్లీబాబు పెంటయ్య చేతిని గట్టిగా పట్టుకున్నాడు. చెట్టెక్కే చేతులవి, జబ్బులో కూడా పట్టు పోలేదు. ఆ పట్టు ఉన్నట్టుండి వదిలింది. అదే సమయానికి స్పానరు పట్టింది. త్రినాథరావు బలమంతా పెట్టి తిప్పాడు. సిలిండరు బుస్సుమంది. లావణ్య మాస్కు మొహానికి పెట్టి, గుండె మీద ఒత్తి, మళ్ళీ ఒత్తి, ఏడుస్తూనే ఒత్తుతూ ఉంది. గాలి వస్తూనే ఉంది. పీల్చేవాడే లేడు.

శవాన్ని అంబులెన్సులో ఎక్కించకూడదని ఆఫీసు రూలు. పెంటయ్య ఎవర్నీ అడగలేదు. బావమరిదిని ఇంటికి చేర్చి, ఏడుపుల మధ్య నిలబడలేక, దారిలో తోటలో బండాపి పొద్దుగూకేదాకా కూర్చుని, తన ఇంటికి వచ్చాడు. సుభద్ర కబురు విని అప్పటికే తమ్ముడి దగ్గరికి పోయి ఉంటుందనుకున్నాడు. లోపల అలికిడైంది. ఆమె అక్కడికి వెళ్ళి, తమ్ముణ్ణి చూసి, ఆటోలో తిరిగొచ్చింది. అతని కత్తి కోసం వచ్చింది. కాడు దాకా అతని పక్కన దాన్ని ఉంచుతానంది.

పటం ముందు కూర్చుని కత్తి తీసింది. పక్కన కీ ఒంటరిగా మిగిలింది. ఆమె దాన్ని చూసింది, తర్వాత మొగుణ్ణి చూసింది.

"లావణ్య అమ్మ కాళ్ళ మీద పడి, కీ నేకపోయింది, కీ నేకపోయింది అని ఏడిసింది. ఏ కీ అని నానడగనేదు. ఇదేనేటి?"

పెంటయ్యకు అబద్ధం తోచింది. జాకీది అనొచ్చు. రోజూ పొద్దున్నే అబద్ధాలు నొక్కిన చెయ్యే కదా. కానీ నోరు రాలేదు.

"ఇదే" అన్నాడు. "తెచ్చింది నాను. తప్పు నాది. నీది కాదే."

సుభద్ర తన కుడిచేతి వేలిని చూసుకుంది. గోటి పక్కన కుంకుమ ఇంకా ఎర్రగానే ఉంది. దాన్ని చీరకు తుడుచుకుంది, మళ్ళీ తుడుచుకుంది. ఆ తర్వాత కీని ఎత్తి, దాని బొట్టు కూడా తుడిచి, అతని అరచేతిలో పెట్టింది.

"తీసుకుపో. ఇంకెవులికో కావాల" అంది. గుమ్మం దాకా పోయి, కత్తిని గుండెకు హత్తుకుని వెనక్కి తిరిగింది. "అమ్మకి మాత్రం సెప్పకు మావా. ఎట్టింది నానని అమ్మకి సెప్పకు."

మర్నాడు మైలలో ఉన్నవాడికి సెలవివ్వాలి. రెండో డ్రైవరు లేడు. పెంటయ్య కళ్ళు వాచిపోయి షెల్టరు మేడెక్కాడు. కీ అతని మొలతాడుకి కట్టి ఉంది, నడుస్తుంటే తొడకు తగులుతోంది. ఫోను అడిగింది, అతను నొక్కాడు. టైర్లు, ఒకటి. బ్రేకులు, ఒకటి. సిలిండరు కీ? ఒకటి. ఈ రోజు అది నిజమే. నిన్న ఏమైందని అడిగే గడి కోసం వెతికాడు. అలాంటిది లేదు. ఆ ఫోనుకి నిన్న అనేదే లేదు.

స్పేర్ కీ?

బొటనవేలు రెండు మీదికి పోయింది. నొక్కాడు. తెర మీద రెండు కనిపించింది. ఇన్నాళ్ళకి ఒక్క నిజం. పంపితే గౌతమ్‌ ఫోను చేస్తాడు, ఇన్నాళ్ళూ ఒకటెలా కొట్టావని నిలదీస్తాడు. నిలదియ్యనీ. ఉద్యోగం పోతే పోనీ. ఢిల్లీబాబు పేరు మీద ఆ ఒక్క నిజమైనా టెక్కలి చేరాలి.

కిందినుంచి లావణ్య కేక వేసింది. "అన్నయ్యా! రామూర్తి ఇంటికాణ్ణించి ఫోను. ఆళ్ళ కొడుక్కి ఊపిరి అందట్లేదంట. బేగి దిగు!"

సీతారత్నం కొడుకు. ఆ పిల్లాడు తల్లి పోయిననాడు పూండి గేటు దగ్గర నిలబడి, రైలు పోయేదాకా ఏడవకుండా చూసినవాడు. పెంటయ్య తెర మీది అంకెను చూస్తూ ఉండిపోయాడు. రెండు పంపితే బండి కదలకూడదు. లావణ్య మళ్ళీ కేక వేసింది, ఈసారి ఆ గొంతులో నిన్నటి వణుకు ఉంది.

వెనక్కి నొక్కి రెండును చెరిపాడు. ఒకటి కొట్టి పంపించాడు.

ఆల్ ఓకే, థాంక్యూ అంది ఫోను. పెంటయ్య మొలతాడుకున్న కీని ఒకసారి చేత్తో తడిమి చూసుకుని, మెట్లు దిగి పరిగెత్తాడు.